పీహెచ్ 9 నీళ్ళకు డబ్బు కట్టే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఆల్కలైన్ (క్షార గుణమున్న) నీళ్ళు తాగితే గ్యాస్, షుగర్, కీళ్ళ నొప్పులు తగ్గుతాయా లేదా అని మీ ఉత్తరాల శీర్షికలో నడుస్తున్న చర్చలో రెండు పక్షాలూ పీహెచ్ అనే ఒక్క అంకె చుట్టే తిరుగుతున్నాయి. ఒకరు తొమ్మిది ఉండాలంటారు, ఇంకొకరు ఏడు చాలంటారు. వరంగల్, జనగామ, కరీంనగర్ వైపు బోరు నీళ్ళ రిపోర్టులు చదివే అలవాటున్నవారికి ఈ తగవు వింతగా తోస్తుంది. మన గ్రానైట్ నేలల బోరు నీళ్ళలో క్షారానికి కరువు ఎన్నడూ లేదు. ఉన్న క్షారాన్ని ఆర్వో (సన్నని పొర గుండా నీళ్ళను వడకట్టే) మిషన్ పెట్టి తీయించుకుంటున్నాం. మళ్ళీ డబ్బు కట్టి అందులో ఇసుమంత కలిపించుకుంటున్నాం.

ముందు లెక్క చూద్దాం. నీళ్ళు ఈ క్షణాన ఆమ్లం వైపున్నాయా, క్షారం వైపున్నాయా అన్నంతవరకే పీహెచ్ చెబుతుంది. 7 అటూ ఇటూ కానిది; అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఆమ్లం తగిలితే ఎంత మేరకు విరుస్తాయో చెప్పేది ఆల్కలినిటీ. ల్యాబ్ రిపోర్టులో అది వేరే వరుసలో, కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ఉంటుంది. ఆ వరుసలో 300 ఉన్న బోరు నీళ్ళు, పీహెచ్ 7.5 మాత్రమే ఉన్నా, లీటరుకు 6 మిల్లీ ఈక్వివలెంట్ల (ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి విరిచే శక్తికి కొలత) ఆమ్లాన్ని విరుస్తాయి. అదే ఖనిజాలేమీ లేని శుద్ధమైన నీళ్ళను పీహెచ్ 9కి తెస్తే లీటరంతటిలో ఉండే క్షారం 0.01 మిల్లీ ఈక్వివలెంటు. కడుపులోని జఠర రసం పీహెచ్ 2 అనుకుంటే, ఆ లీటరు నీళ్ళ క్షారం ఒక్క మిల్లీలీటరు రసంతోనే సరిపోతుంది. కడుపు రోజుకు లీటరున్నర పైనే ఆ రసం ఊరుస్తుంది.

వెయ్యి లీటర్ల శుద్ధమైన నీటిని 9కి ఎక్కించడానికి లెక్క ప్రకారం అర గ్రాము కాస్టిక్ సోడా కూడా పట్టదు. ఆర్వో నీళ్ళలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి నిజంగా చేస్తే ఇంకొన్ని గ్రాముల నుంచి కొన్ని పదుల గ్రాముల దాకా పడతాయి, అంతే. ఈ అంకె ఎంత తేలిగ్గా పైకి లేస్తుందో అంత తేలిగ్గానే పడిపోతుంది. మూత తీసిన క్యాన్‌లో, కూజాలో గాలి తగిలి కార్బన్ డయాక్సైడ్ కరుగుతుంటే, పట్టినప్పుడు 9 చూపిన నీళ్ళు కొన్ని గంటల్లోనే దిగజారతాయి.

ఇక అపార్ట్‌మెంట్లలో, ఫంక్షన్ హాళ్ళలో చూపించే ప్రయోగాల సంగతి. ఇవి రెండు రకాలు. అయొనైజర్ (కరెంటుతో నీళ్ళ పీహెచ్ పెంచే మిషన్) అమ్మేవాళ్ళు నాలుగు గ్లాసులు పెడతారు: కూల్‌డ్రింకు, ఆర్వో నీళ్ళు, నల్లా నీళ్ళు, తమ మిషన్ నీళ్ళు. ఒక్కోదాంట్లో మూడు చుక్కల రంగు మందు వేస్తారు. కూల్‌డ్రింకు ఎర్రగానో నారింజగానో, ఆర్వో నీళ్ళు పసుపుగా, నల్లా నీళ్ళు ఆకుపచ్చగా, తమవి నీలంగానో ఊదాగానో తేలుతాయి. పసుపుగా కనబడ్డది రోగమని, ఊదా ఆరోగ్యమని చెబుతారు. ఆ ఆర్వో గ్లాసులోనే చిటికెడు వంటసోడా వేసి కలపమనండి. రంగు వాళ్ళ గ్లాసు వైపే నడుస్తుంది.

ఆర్వో అమ్మేవాళ్ళది ఇంకో ఆట. ఇనుము, అల్యూమినియం కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండు గ్లాసుల్లో ముంచి కరెంటు పెడతారు. బోరు నీళ్ళు నిమిషంలో గోధుమరంగు మడ్డిగా మారతాయి, ఆర్వో నీళ్ళు తేటగా ఉంటాయి. ఆ మడ్డి నీళ్ళలోంచి వచ్చింది కాదు, కడ్డీ ఇనుము కరిగి తేలిన తుప్పు. ఖనిజాలున్న నీళ్ళలో కరెంటు పారుతుంది, లేని నీళ్ళలో పారదు. ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ పెట్టమంటే అదీ మడ్డి అవుతుంది.

తమాషా ఏమిటంటే, ఒకరి పరీక్షలో ఇంకొకరి నీళ్ళు తప్పుతాయి. అయొనైజర్ నీళ్ళలో ఖనిజాలు ఉండాలి, లేకుంటే ఆ మిషన్ పనిచేయదు; కడ్డీలు ముంచితే అవి మడ్డి అవుతాయి. ఆర్వో నీళ్ళకు రంగు చుక్కలు వేస్తే పసుపు తేలుతుంది. ఇప్పుడు ఆర్వోకు ఆల్కలైన్ క్యాట్రిడ్జ్ తగిలించిన మిషన్లు వచ్చాయి కాబట్టి రెండు ప్రయోగాలూ ఒకే మనిషి చూపిస్తున్నాడు. ఆల్కలైన్ నీళ్ళతో బెటాడిన్ రంగు పోగొట్టి చూపే ప్రయోగం కూడా ఉంది. రెండు చుక్కల బెటాడిన్ కలిపిన నీళ్ళలో కాస్త నిమ్మరసం పిండినా రంగు పోతుంది. నిమ్మరసం పుల్లటిది, క్షారం కాదు.

మిషన్ల లోపల ఏం జరుగుతుందో కూడా కొనేవారికి తెలియాలి. ఆర్వో పొర ఉప్పులను, బైకార్బొనేట్లను ఆపుతుంది కానీ కార్బన్ డయాక్సైడ్‌ను ఆపలేదు. అందుకే ఆర్వో నీళ్ళు పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య కాస్త ఆమ్లంగా వస్తాయి. దాంతో జబ్బేమీ రాదు. నిమ్మకాయ నీళ్ళు అంతకంటే ఎన్నో రెట్లు ఆమ్లం. ఈ అంకె సర్దడానికే చివర కాల్షియం, మెగ్నీషియం ఆక్సైడ్ గుళికల క్యాట్రిడ్జ్ పెడతారు. మెగ్నీషియం ఆక్సైడ్ నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి రాత్రంతా క్యాట్రిడ్జ్‌లో నిలవున్న నీళ్ళు పొద్దున మొదటి గ్లాసులో పీహెచ్ 10 దాటొచ్చు, నాలుకకు సబ్బు రుచి తగలొచ్చు. తర్వాత ధార పట్టినకొద్దీ అంకె పడిపోతుంది. అమ్మేవాడు కొలిచి చూపేది సాధారణంగా ఆ మొదటి గ్లాసే. రెండు లీటర్లు వదిలేశాక కొలవమని అడగండి. గుళికలు కొన్ని నెలల్లో అరుగుతాయి. మార్చకపోతే అందులో ఖనిజం ఉండదు, క్రిములు మాత్రం ఉంటాయి. క్రిములను చంపే యూవీ దీపం దాటాక ఈ క్యాట్రిడ్జ్ వస్తే, లోపల పెరిగిన క్రిములను ఆపేది ఇంకేమీ ఉండదు.

లక్ష రూపాయలు దాటే అయొనైజర్లలో ప్లాటినం పూత పూసిన టైటానియం పలకలుంటాయి. మన గార నీళ్ళు వాటికి శత్రువులు. ఇమ్మర్షన్ రాడ్డు మీద కట్టే తెల్లటి గారే ఆ పలకల మీదా కడుతుంది. ధార సన్నబడుతుంది, అంకె పడిపోతుంది, సిట్రిక్ యాసిడ్ పోసి కడగాల్సి వస్తుంది. పైగా అయొనైజర్లలో పెట్టే మామూలు కార్బన్ ఫిల్టర్ పళ్ళనూ, ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరైడ్‌ను ఆపదు.

జబ్బుల మాటకొద్దాం. మన రక్తం పీహెచ్ 7.35, 7.45 మధ్య ఉంటుంది. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతూ, మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను పట్టి ఉంచుతూ దాన్ని కాపాడతాయి. నీళ్ళు తాగి దాన్ని 7.6కు జరపగలిగితే అది ఆరోగ్యం కాదు, ఐసీయూలో చేర్చాల్సిన కేసు. ఆమ్ల శరీరంలోనే క్యాన్సర్ పుడుతుందని చెప్పినందుకు జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్‌కు నోబెల్ వచ్చిందని కరపత్రాల్లో అచ్చేస్తున్నారు. 1931లో ఆయనకు బహుమతి ఇచ్చింది కణాల శ్వాసక్రియలో పనిచేసే ఎంజైమ్ స్వభావాన్ని, పనితీరును కనిపెట్టినందుకు. ఆల్కలైన్ నీళ్ళకు, క్యాన్సర్‌కు సంబంధం మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను వడపోసి 2016లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చిన సమీక్షకు ఆ వాదనను నిలబెట్టే ఆధారం దొరకలేదు.

కిడ్నీలో రాళ్ళున్నవారు మరీ ఎక్కువగా ఈ నీళ్ళ మీద ఆశ పెట్టుకుంటున్నారు. యూరిక్ యాసిడ్ రాళ్ళకు మూత్రాన్ని క్షారం వైపు తిప్పడం నిజంగానే వైద్యం. అందుకు డాక్టర్లు పొటాషియం సిట్రేట్ ఇస్తారు. కానీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ పరిశోధకులు పీహెచ్ 10 దగ్గర ఉన్న ఐదు రకాల సీసా నీళ్ళను పరీక్షించి, వాటిలో క్షారం మూత్రాన్ని మార్చలేనంత స్వల్పమని 2024లో ప్రచురించారు. ఒక గ్రాము వంటసోడాలో 12 మిల్లీ ఈక్వివలెంట్లుంటే, ఆ సీసాల్లో లీటరుకు ఒకటి కూడా లేదు. అలాగని వంటసోడా తాగమని కాదు. ఆ గ్రాములో 270 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది, బీపీ ఉన్నవారికి చేటు. రాయి ఏ రకమో తేలకుండా ఏదీ మొదలుపెట్టకూడదు.

ఛాతీలో మంట విషయంలో మాత్రం చిన్న ఆధారం ఉంది. పీహెచ్ 8.8 ఉన్న, బైకార్బొనేట్ గల నీళ్ళు కడుపులో ఆహారాన్ని అరిగించే పెప్సిన్ ఎంజైమ్‌ను పనిచేయకుండా చేశాయని 2012లో తేలింది, అదీ పరీక్ష గొట్టంలో. 2017లో రోగుల మీద వచ్చిన ఫలితంలో శాకాహార ప్రధానమైన భోజనం కూడా కలిసి ఉంది కాబట్టి మేలు నీళ్ళదో భోజనానిదో విడదీసి చెప్పలేం. ఇంత సన్నని ఆధారానికి డాక్టరు రాసిన మాత్రలు మానేయడం తగదు. మూత్రపిండాలు బలహీనపడ్డవారు మెగ్నీషియం, పొటాషియం కలిపిన నీళ్ళు మొదలుపెట్టే ముందు తమ డాక్టరును అడగాలి.

ఇంతసేపూ పీహెచ్ మాట్లాడుతుంటే మరుగున పడుతున్నది ఫ్లోరైడ్. మన ప్రాంతంలో అసలు చూడాల్సిన అంకె అదే. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. అదే ప్రమాణంలో పీహెచ్ 6.5 నుంచి 8.5; అంటే గొప్పగా అమ్మే 9 ప్రమాణం దాటిన నీళ్ళే. క్షారం ఎక్కువై కాల్షియం తక్కువైన బోరు నీళ్ళలోనే గ్రానైట్ రాతి నుంచి ఫ్లోరైడ్ బాగా కరిగి వస్తుంది. కాబట్టి సహజంగా ఆల్కలైన్ అని మురిసే బోరును ముందుగా అనుమానించాలి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ తీయడానికి వాడే యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్ పీహెచ్ 5.5, 6 దగ్గర బాగా పట్టుకుంటుంది, 8 దాటితే దాని శక్తి పడిపోతుంది. క్లోరిన్‌దీ అదే కథ. పీహెచ్ 7.5లో క్లోరిన్‌లో సగం క్రిములను చంపే రూపంలో ఉంటే, 9లో నూటికి మూడు వంతులే ఆ రూపంలో ఉంటుంది. ట్యాంకులో బ్లీచింగ్ వేసినా పని సరిగా జరగదు.

గోదావరి నీళ్ళు మిషన్ భగీరథ నల్లాల్లో వస్తున్నచోట వాటినే తాగొచ్చు. నదీ జలాల్లో ఫ్లోరైడ్ తక్కువ. బోరు మీదే ఆధారపడ్డవారికి, పరీక్షలో ఫ్లోరైడ్, నైట్రేట్ వంటివి హద్దు దాటితే, ఆర్వో అవసరమే. ఖనిజాలు కావాలనుకుంటే ఆల్కలైన్ క్యాట్రిడ్జ్ కంటే మిషన్‌లోని టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) అడ్జస్టర్, అంటే పొర దాటని బోరు నీళ్ళను కొద్దిగా కలిపే మర, మేలు. బోరు నీళ్ళలో లీటరుకు టీడీఎస్ 800, ఫ్లోరైడ్ 2 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. ఐదో వంతు బోరు నీళ్ళు, నాలుగు వంతులు టీడీఎస్ 40 ఉన్న ఆర్వో నీళ్ళు కలిస్తే టీడీఎస్ 190 చిల్లర, ఫ్లోరైడ్ అర మిల్లీగ్రాము దగ్గర నిలుస్తుంది. బోరు ఆల్కలినిటీ 300 అయితే దాంట్లోంచే 60 కలుస్తుంది, పైన చెప్పిన ఆల్కలైన్ సీసాలకు తీసిపోదు. చిక్కెక్కడంటే, మెకానిక్ చేతిలో టీడీఎస్ మీటరే ఉంటుంది, ఫ్లోరైడ్ ఎంతో అతనికి తెలియదు. ఫ్లోరైడ్ 4 ఉన్న బోరుకు అదే మరను అంతే తిప్పితే 1 దగ్గరికి చేరుతుంది. నైట్రేట్ 200 ఉన్న బోరుకైతే ఆ మర పూర్తిగా మూసేయాలి. 45 దాటిన నైట్రేట్ పసిపిల్లలకు ప్రమాదం. అడ్జస్టర్ నుంచి వచ్చే బోరు నీళ్ళు పొర దాటకుండానే వస్తాయి కాబట్టి ఆ తర్వాత యూవీ తప్పనిసరి.

ప్రకటనల గురించి మీకో మనవి. క్యాన్సర్, షుగర్, బీపీ, కిడ్నీ రాళ్ళు నయమవుతాయని మందుగా ప్రచారం చేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమిడీస్ చట్టం నిషేధిస్తుంది. ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా ఉంది. గొలుసుకట్టుగా ఇంటికొచ్చి అమ్మేవారు గుర్తింపు కార్డుతో, ముందే సమయం అడిగి రావాలని 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా పేజీల్లో రోగాల పేర్లతో వచ్చే నీళ్ళ ప్రకటనలను మీరు వేయకుండా ఉంటే సగం పని అవుతుంది. మిగతా సగం నగరపాలక సంస్థ, గ్రామ పంచాయతీలది. ప్రతి వాటర్ ప్లాంటు గోడ మీద పీహెచ్‌తో పాటు ఫ్లోరైడ్, నైట్రేట్, టీడీఎస్, పరీక్ష చేసిన తేదీ రాయించాలి. క్యాన్లు ఎన్నాళ్ళకోసారి, దేనితో కడుగుతున్నారో కూడా రాయిస్తే ఇంకా మంచిది.

బోరు నీళ్ళు పరీక్షకు ఇచ్చేవారు మోటారు ఐదు నిమిషాలు నడిపాకే పట్టాలి. రసాయన పరీక్షకు శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీళ్ళతో మూడుసార్లు తొలిచి, అంచు దాకా నింపి, గాలి బుడగ లేకుండా మూత బిగించాలి. ఫ్లోరైడ్ కోసం గాజు సీసా వాడకూడదు. క్రిముల పరీక్షకు ల్యాబ్ ఇచ్చే స్టెరైల్ సీసానే వాడి, ఐస్‌లో పెట్టి అదే రోజు చేర్చాలి. పీహెచ్ ఒక్కటి అక్కడికక్కడే కొలవాలి. మీటరును ముందు 4, 7, 9.2 బఫర్లతో (పీహెచ్ తెలిసిన ద్రావణాలతో) సరిచూసుకోవాలి. ఖనిజాలు తక్కువైన ఆర్వో నీళ్ళలో అంకె తేలిగ్గా నిలవదు. మే నెలలో నీటి మట్టం అడుగంటినప్పుడు ఒకసారి, వానలయ్యాక అక్టోబరులో ఇంకోసారి చేయిస్తే ఆ బోరు నిజస్వరూపం తెలుస్తుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో నామమాత్రపు రుసుముకే ఈ పరీక్షలు చేస్తారు.

ఇట్లు
నీటి రసాయన పరీక్షల రంగానికి చెందిన ఒక పాఠకుడు,
హనుమకొండ