రాయి కనిపించే చోటు చూసుకో

చిట్టితల్లికి,

జియాలజీ మ్యాపింగ్ ప్రాజెక్టుకు, అంటే ఏ రాయి ఎక్కడుందో మ్యాపులో గీసే పనికి, రెండు చోట్లు అనుకుంటున్నానని రాశావు. ఒకటి దట్టమైన అడవి ఉన్న కొండలు, ఇంకొకటి చెట్టూ చేమా లేని ఎండు గుట్టలు. నీ మనసు కొండల మీదే ఉందని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. నా ఓటు మాత్రం గుట్టలకే.

మట్టి, చెట్లు కప్పేసిన నేలలో రోజంతా తిరిగినా డిప్, స్ట్రైక్ (పొర ఎంత వాలింది, ఏ దిశగా సాగింది) కొలవడానికి నాలుగు రాళ్లు దొరకవు. మిగతాదంతా ఊహించి గీయాలి. వైవాలో అడిగేది సరిగ్గా ఆ ఊహల గురించే. 1788లో భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హటన్ రెండు కాలాల రాళ్లు కలిసే హద్దును వెతుక్కుంటూ స్కాట్లాండ్ తీరం వెంట పడవలో వెళ్లాడు. సముద్రం కోసిన అంచున రాయి శుభ్రంగా బయటపడుతుందని ఆయనకు తెలుసు. సిక్కార్ పాయింట్ దగ్గర దాదాపు నిలువుగా నిలబడిన పాత పొరలు, వాటి మీద కొద్దిగా వాలిన ఎర్ర ఇసుకరాయి కనిపించాయి. అంత పెద్ద అన్‌కన్ఫార్మిటీ (మధ్యలో చాలా కాలం ఖాళీ ఉన్న రాళ్ల హద్దు) నీకు దొరక్కపోవచ్చు. కానీ వెతికే పద్ధతి అదే: వాగు బండను కడిగిన చోటు, గట్టు తెగిన చోటు ముందు చూడు.

శాటిలైట్ చిత్రంలో కనీసం నాలుగైదు రకాల రాళ్లు విడివిడిగా కనబడాలి. ఒక మడతో, ఒక ఫాల్టో (రాయి పగిలి జరిగిన చోటు) ఉంటే ఇంకా మంచిది. అంతా ఒకే గ్రానైట్ అయితే గీయడానికి హద్దులే ఉండవు. నాలుగుసార్లు మడతపడిన నైస్ (వేడికీ ఒత్తిడికీ మారిన చారల రాయి) అయితే నీకున్న కొద్ది వారాల్లో తేలదు, ఉత్త టెన్షన్ మిగులుతుంది.

పొరల మందం కూడా చూసుకో. 1:10,000 స్కేలులో అర మిల్లీమీటరు పెన్సిల్ గీత నేల మీద 5 మీటర్లు. మూడు మీటర్ల పొరను ఆ గీతే మింగేస్తుంది. పదుల మీటర్ల మందం ఉన్న పొరలైతే హాయిగా గీయొచ్చు. 10 చదరపు కిలోమీటర్లు చాలు, పెద్దది తీసుకుని సగంలో వదిలేయకు.

మరీ చదునైన నేల వద్దు. లోయలుంటే పొరల హద్దులు వాటిని దాటేటప్పుడు వంగుతాయి. పొర వాగు పైదిశకు వాలితే ఆ వంపు మొన కూడా పైదిశకే తిరుగుతుంది, నిలువు పొరైతే హద్దు తిన్నగా వెళ్లిపోతుంది. కంపాస్ తీయకముందే వాలు గురించి అంత తెలిసిపోతుందంటే నాకు ఇప్పటికీ సంబరమే!

భూమి యజమానుల అనుమతి, నీళ్లు, ఫోన్ సిగ్నల్, బసకు దూరం ముందే కనుక్కో. రోజూ రెండు గంటలు నడిస్తే గానీ చేరలేని చోటైతే వదిలెయ్. తోడు లేకుండా ఒక్కదానివే క్వారీల్లోకి, గట్టుల కిందికి వెళ్లొద్దు. ఈ మాటలో మాత్రం బేరం లేదు.

ఖాయం చేసేముందు ఒకసారి వెళ్లి గుట్టలకు అడ్డంగా నడిచి రా. రెండు చోట్ల ఎత్తుపల్లాలు చూపే కాంటూర్ మ్యాపులూ నాకు పంపు, ఆదివారం ఫోన్‌లో కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
అమ్మ