తప్పు ఏ పేజీలో వస్తే సవరణ ఆ పేజీలోనే వేయండి

సంపాదకుడు గారికి,

జనానికి ఎవరి మీదా నమ్మకం లేకుండా పోయిందని ఈమధ్య తరచూ వింటున్నాను. నాకైతే అలా కనబడటం లేదు. మా బావగారినే చూడండి. పేపర్లో వచ్చింది నమ్మరు, ప్రభుత్వం చెప్పింది నమ్మరు, డాక్టర్ల మాట అసలే నమ్మరు. అదే ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్లో రెండు నిమిషాల వీడియో పెడితే మాత్రం అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతారు. నమ్మడానికి ఆయన దగ్గర కొదవేం లేదు. అన్నట్టు, ఆయన నాస్తికులు. రోజూ ప్రార్థన చేసుకునే మా అమ్మేమో బీపీ మాత్ర వేసుకునే ముందు కళ్లద్దాలు పెట్టుకుని మరీ గడువు తేదీ చూస్తుంది.

అలాగని తప్పంతా బావగారి మీదకు నెట్టలేను. ఆమధ్య కడుపులో మంటకు రాసిన మాత్రల్లో ఒకటి దేనికని అడిగితే, "డాక్టర్ మీరా, నేనా?" అంటూ చీటీ నా వైపు తోసేశారు ఒకాయన. నోరు మూసుకుని బయటికొచ్చాను. ఆ మాత్ర మాత్రం వేసుకోలేదు. తర్వాత చూపించుకున్న ఆవిడ చీటీ వెనక్కి తిప్పి, పెన్నుతో కడుపు బొమ్మ గీసి, "ఇది యాసిడ్ తగ్గించడానికి. నాలుగు వారాల్లో మంట తగ్గలేదంటే నా అంచనా తప్పినట్టే, మళ్లీ రండి" అన్నారు. తన మాట ఎక్కడ తప్పొచ్చో తానే ముందు చెప్పిన మనిషి మీద నాకు గురి కుదిరింది.

అధికారులంతా అమ్ముడుపోయారనే వాళ్లకు థాలిడోమైడ్ సంగతి గుర్తుచేయాలి. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికొచ్చిన ఈ నిద్రమందును గర్భిణులకు వేవిళ్లు తగ్గడానికీ ఇచ్చారు. ప్రమాదం లేదని కంపెనీ చెప్పింది, డాక్టర్లు రాశారు, తల్లులు వేసుకున్నారు. వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టాక, 1961 చివర్లో గానీ అక్కడ అమ్మకాలు ఆగలేదు. అమెరికాలో అదే మందు అనుమతికి 1960లో దరఖాస్తు వస్తే, ఔషధ నియంత్రణ సంస్థలో అప్పుడే చేరిన ఫ్రాన్సిస్ కెల్సీ ఈ ఆధారాలు చాలవన్నారు. దరఖాస్తు పెట్టిన కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా ఒప్పుకోలేదు. ఆవిడా ప్రభుత్వోద్యోగే.

ఇక పత్రికల సంగతి. పిల్లలకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండొచ్చని అనుమానం రేపిన వ్యాసం 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. దానికి ఆధారం 12 మంది పిల్లలు. ఆ వ్యాసాన్ని పత్రిక పూర్తిగా వెనక్కి తీసుకున్నది 2010లో. పన్నెండు మంది పిల్లల మాట చెల్లదని చెప్పడానికి పన్నెండేళ్లు! ఈలోగా భయం ఇళ్లల్లోకి చేరిపోయింది. బావగారి వీడియోల్లో ఇప్పటికీ తిరుగుతున్నది ఆ వ్యాసమే. వెనక్కి తీసుకున్న కబురు మాత్రం ఆయన దాకా రాలేదు.

మీ పత్రికలోనూ మొదటి పేజీ వార్తలో పొరపాటు దొర్లితే, సవరణ లోపలెక్కడో ప్రకటనల పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో వస్తోంది. దాన్ని వెతుక్కుని చదివే ఓపిక ఎవరికుంటుంది? తప్పు ఏ పేజీలో వస్తే సవరణ అక్కడే, కంటికి ఆనే అక్షరాల్లో వేయండి. ఏం తప్పు రాశారో, అది ఎలా జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పండి. మొదటిసారి వేసిన రోజు ఆ ముక్క కత్తిరించి మా బావగారికి చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు