నాలుగో తీగకు

ఒరేయ్ నాలుగో తీగా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, కోపగించుకోకు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. చెల్లి పరీక్షలు అయిపోయాయి. మిగతావన్నీ మామూలే. అసలు సంగతి పది రోజులుగా కడుపులో దాచుకోలేకపోతున్నాను.

ది జాంబీస్ అనే బ్రిటిష్ బృందం వాళ్ల ‘ఒడెస్సీ అండ్ ఆరకిల్’ ఆల్బమ్ విన్నావా? 1968లో వచ్చింది. వినకపోతే ఈ కాగితం మడిచిపెట్టి ముందు అది విను. మొదటి పాటే ఒక ఉత్తరం! జైలు నుంచి విడుదల కాబోతున్న ప్రియురాలికి రాసినది. ఏడుపు పాట అనుకున్నాను, కానీ పియానో గంతులేస్తూ వస్తుంది. మధ్యలో వాద్యాలు పక్కకు తప్పుకుని గొంతులు మాత్రమే మిగులుతాయి చూడు, అక్కడ మన మేడమెట్ల కచేరీ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆ రోజు ఎవరు తలుపు కొట్టారో నీకు చెప్పనక్కరలేదు కదా!

ఆ ఆల్బమ్‌కు రికార్డు కంపెనీ వాళ్లకు ఇచ్చిన డబ్బు దాదాపు వెయ్యి పౌండ్లు. 1967లో ఎక్కువ భాగం లండన్‌లోని అబ్బే రోడ్డు స్టూడియోలోనే రికార్డు చేశారు. అక్కడ గంట గంటకూ ఖర్చే, అందుకని పాటలన్నీ ముందే సాధన చేసుకుని వెళ్లేవారట. డబ్బు అయిపోయాక కంపెనీ, పాటను రెండు స్పీకర్లకు పంచే స్టీరియో మిక్సింగ్ కూడా కావాలంది. పాటలు రాసిన రాడ్ ఆర్జెంట్, క్రిస్ వైట్ సొంత డబ్బు పెట్టారు. చివరికి ‘టైమ్ ఆఫ్ ది సీజన్’ పాడేటప్పుడు కాలిన్ బ్లన్‌స్టోన్ అలసిపోయి ఉన్నాడు. పాట ఎలా పాడాలో రాడ్ పదే పదే చెబుతుంటే, అంత బాగా తెలిస్తే నువ్వే వచ్చి పాడు అన్నాడట! ఆ పాటేమో ప్రేమ గురించి. మళ్లీ విను, ఆ గొంతులో కోపం జాడ కూడా లేదు.

రికార్డు మార్కెట్లోకి రాకముందే బృందం విడిపోయింది. కాలిన్ బీమా కంపెనీలో ఉద్యోగానికి చేరాడు. 1969లో అదే పాట అమెరికా హిట్ పాటల జాబితాలో మూడో స్థానానికి చేరేసరికి పాడడానికి బృందమే లేదు. అందరూ ఈ ఆలస్యపు గెలుపు గురించే చెబుతారు. నాకు మాత్రం అంతకు ముందటి సాధనే పదే పదే మనసులో మెదులుతోంది. ఎవరూ ఎదురుచూడని పాటకు, ఈ రోజు కుదరకపోతే రేపు, మళ్లీ ఎల్లుండి...

నేనూ మొదలుపెట్టాను. రోజూ పొద్దున్న నలభై నిమిషాలు, గిటారు, కాగితం, అంతే. నాలుగు రోజులు ఒక్క మాటా రాలేదు, అయినా లేవకుండా కూర్చున్నాను. ఏడాదిగా ఆగిపోయిన మన వాన పాట ఉంది కదా, దాని రెండో చరణం నిన్న కుదిరింది! ‘చూరు’ తీసేసి ‘గడప’ పెట్టాను. నువ్వు ఒప్పుకోవని తెలుసు.

నీ ఆకుపచ్చ నోటుబుక్కు ఎక్కడుంది? పోయిన ఏడాది నుంచి దాని ఊసే ఎత్తడం లేదు. నాకు బెంగగా ఉందిరా, నిజంగా. అందులో మూడో పాటకు నేను కట్టిన బాణీ ఇంకా

అయ్యో, బస్సు వేళయింది. ఇలాగే పోస్టు చేసేస్తున్నాను. చరణం వెనక వైపు రాశాను, ‘గడప’ సంగతి వెంటనే రాయి.

నీ
మొదటి తీగ