అడిగినప్పుడు అచ్చయ్యే పుస్తకం: రచయిత ముందుగా అడగవలసిన ధర

సంపాదకులు గారికి,

నమస్కారం. సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకునే రచయితలకు ‘ప్రింట్ ఆన్ డిమాండ్’ పద్ధతి ఎంతగా అక్కరకు వస్తుందో వివరిస్తూ ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. వేల ప్రతులు ముందే అచ్చు వేయించి అటకెక్కించే బాధ తప్పిందని, పాఠకుడు కావాలన్న నాడు ఒక్క ప్రతి అయినా అచ్చవుతుందని అందులో రాసిన మాట నిజమే. అయితే ఏ సంస్థను ఎంచుకోవాలన్న ప్రశ్న వచ్చేసరికి వ్యాసకర్త, పుస్తకం వేసిపెట్టడానికి సంస్థలు మొత్తంగా అడిగే ప్యాకేజీల ధరలను పక్కపక్కన పెట్టి చూపి ఊరుకున్నారు. తెలుగులో రాసి తెలుగువారికే అమ్ముకునే రచయిత ఆ ధరను బట్టి సంస్థను ఎంచుకుంటే దెబ్బతింటాడు. నేను అలాగే దెబ్బతిన్నాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా మొదటి కథల సంపుటిని 2009లో విజయవాడలో ఆఫ్‌సెట్ మీద వెయ్యి ప్రతులు వేయించాను. ఆఫ్‌సెట్‌లో ప్రతి ఫారానికీ, అంటే ఒకే షీటు మీద కలిసి అచ్చయ్యే పుటల కట్టకు, ప్లేట్లు చేయించాలి, మెషిన్ సర్దుకోవాలి. ఆ ఖర్చు వంద ప్రతులకైనా వెయ్యి ప్రతులకైనా ఒక్కటే కాబట్టి, “ఇంకో అయిదు వందలు వేయించండి మాస్టారూ, కాగితం ఖర్చే కదా” అని ప్రెస్సువారు అంటే కాదనలేకపోయాను. మిత్రులకు పంచినవి, సభల్లో అమ్మినవి పోగా సగానికి పైగా ప్రతులు చాలా ఏళ్ళు మా అటక మీదే ఉన్నాయి. చివరికి చెదలు చదివాయి. అందుకే రెండో పుస్తకం, 160 పుటల వ్యాస సంపుటి, సిద్ధమైనప్పుడు ప్రింట్ ఆన్ డిమాండ్ అన్న మాట నాకు వరంలా వినిపించింది. అక్కడ ప్లేట్ల పని లేదు. కంప్యూటర్‌లోని ఫైలు నేరుగా డిజిటల్ మెషిన్‌కు వెళుతుంది, మొదటి ప్రతికీ వందో ప్రతికీ ఖర్చులో పెద్ద తేడా ఉండదు. వేరే రాష్ట్రంలోని ఒక సంస్థ వెబ్‌సైట్‌లో అన్నిటికన్నా తక్కువ ప్యాకేజీ కనిపించింది. డబ్బు కట్టాను, వర్డ్ ఫైలు పంపాను.

వచ్చిన మొదటి ప్రూఫు చూసి నా కళ్ళు నేనే నమ్మలేకపోయాను. ‘స్త్రీ’ అన్న మాట ‘స్‌త్‌రీ’ అని మూడు ముక్కలై ఉంది. కొన్ని పుటల్లో క్రావడి (ర ఒత్తు) హల్లును వదిలి పక్కకు జరిగింది, పంక్తి చివర మాట ఎక్కడ పడితే అక్కడ విరిగింది. అక్కడ పుటలు కట్టిన వారికి తెలుగు రాదు కనుక అది తప్పని వారికి తెలియలేదు. తరువాత మా ఊరి డీటీపీ కుర్రవాడు చెబితే నాకు అర్థమైంది: పుటలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల కోసం ‘వరల్డ్ రెడీ కంపోజర్’ అనే అమరిక ఉంది, అది ఎంచుకోకపోతే యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర సంకేతాల పద్ధతి) తెలుగులో ఒత్తులు ఇలాగే విడిపోతాయి. మన దగ్గర ఇంకా చాలామంది అను ఫాంట్లలో టైపు చేయిస్తారు. అది యూనికోడ్ కాదు, కాబట్టి దానిని మార్చేటప్పుడు వచ్చే తప్పులు వేరే రకం. ఇప్పుడు మండలి, రామభద్ర, గిడుగు, సురవరం వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. పుటలను మనకు తెలిసిన మనిషి చేత మన కళ్ళ ముందు కట్టించి, ఫాంట్లు ఇమిడి ఉన్న పీడీఎఫ్‌ను మాత్రమే సంస్థకు పంపడం మేలు. పీడీఎఫ్ తీసుకోం, వర్డ్ ఫైలే పంపమని పట్టుబట్టే సంస్థ తెలుగు రచయితకు పనికిరాదని నా అభిప్రాయం. ముఖచిత్రం విషయంలోనూ ఇంతే. పుటల సంఖ్యను, కాగితం మందాన్ని బట్టి పుస్తకం వెన్ను వెడల్పు మారుతుంది కనుక, ఆ కొలత సంస్థ నుంచి ముందుగా తెప్పించుకోకుండా అట్ట గీయిస్తే పేరు వెన్ను మీద నుంచి జారి ముందు అట్ట మీదికి వస్తుంది. నాకు ఆ ముచ్చట కూడా తీరింది.

ఇవన్నీ సరిదిద్దుకోగలిగినవే. నన్ను నిజంగా ముంచినది వేరు. ఆ సంస్థ తన ప్రకటనలో ‘నూరు శాతం రాయల్టీ’ అని రాసుకుంది. పుస్తకం వెల 200 రూపాయలు పెట్టాం. అందులో ఆన్‌లైన్ దుకాణం కమిషన్, ఇతర రుసుములు కలిపి 90 రూపాయలు, ముద్రణ ఖర్చు 85 రూపాయలు పోగా మిగిలిన 25 రూపాయల్లో నూరు శాతం నాది. వెల మీద లెక్కకడితే అది పన్నెండున్నర శాతం. పాత పద్ధతిలో ప్రచురణకర్త పైసా తీసుకోకుండా పుస్తకం వేసి ఇచ్చే 10 శాతానికీ, నేను ప్యాకేజీ డబ్బు కట్టి పొందిన ఈ మొత్తానికీ మధ్య ఉన్న తేడా చూడండి. శాతం ఎంత అని అడిగి ఊరుకోకుండా, ఆ శాతం దేని మీద అని అడగాలి. అమెజాన్ వారి సొంత ప్రచురణ వేదిక కేడీపీలో ఈ సంగతి కనీసం దాపరికం లేకుండా ఉంటుంది: వెల మీద నిర్ణీత శాతం కట్టి, అందులోంచి ముద్రణ ఖర్చు తీసివేసి మిగిలినది ఇస్తామని ముందే చెబుతారు, ఏ సైజుకు ఎన్ని పుటలకు ఎంత మిగులుతుందో లెక్క చూసుకునే వీలూ ఉంది.

రాయల్టీ కన్నా పెద్ద సంగతి రచయిత ప్రతి ధర, అంటే రచయిత తన పుస్తకాన్ని తాను కొనుక్కుంటే పడే ధర. తెలుగు పుస్తకం ఎలా అమ్ముడవుతుందో తెలిసినవారికి దీని ప్రాముఖ్యం వివరించనక్కర్లేదు. పేరున్న కొద్దిమందిని పక్కన పెడితే, మనలో ఎక్కువమంది పుస్తకాలు ఆవిష్కరణ సభలో, సాహిత్య సమావేశాల్లో, డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో, జనవరిలో విజయవాడ ప్రదర్శనలో చేతి నుంచి చేతికి వెళ్ళేవే. ఆన్‌లైన్‌లో నా పుస్తకం ఏడాదిలో పదకొండు ప్రతులు పోయింది. ఆవిష్కరణ నాటికి నాకు కావలసినవి నూట యాభై. వాటికి సంస్థ అడిగిన ధర ప్రతికి 128 రూపాయలు, కొరియర్ అదనం. అదే ఫైలును విజయవాడలోని ఒక డిజిటల్ ప్రెస్‌కు చూపిస్తే 95 రూపాయలు అన్నారు. 300 ప్రతులైతే ఆఫ్‌సెట్‌లో 75కే వేస్తామన్నారు. పుస్తక దుకాణంలో పెట్టాలంటే వెల మీద 40 శాతం వరకు తగ్గించి ఇవ్వాలి, అంటే నా చేతికి వచ్చేది 120. ఒక్కో ప్రతి 128కి కొని 120కి అమ్మే వ్యాపారం ఎన్నాళ్ళు సాగుతుంది? కాబట్టి సంస్థను ఎంచుకునేటప్పుడు, యాభై రచయిత ప్రతులు మా ఇంటికి చేరేసరికి మొత్తం ఎంత అవుతుందో లిఖితంగా చెప్పమని అడగడం అన్నిటికన్నా ముందు చేయవలసిన పని. బెంగళూరులోని పోతి డాట్ కామ్, చెన్నైలోని నోషన్ ప్రెస్ వంటి వాటిలో ప్యాకేజీ కొనకుండానే పుస్తకాన్ని ఎక్కించే మార్గాలు ఉన్నాయి. అలాంటిచోట ముందు ఒక్క ప్రతి తెప్పించుకుని, కాగితం, బైండింగు, అక్షరాల నలుపు చేత్తో పట్టుకుని చూసి, ఆ తరువాతే మిగతా మాటలు మాట్లాడుకోవచ్చు.

పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య ఐఎస్‌బీఎన్ గురించి వ్యాసంలో ‘ఉచితంగా ఇస్తారు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మన దేశంలో ఆ సంఖ్యను రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ రచయితలకు నేరుగా, రుసుము లేకుండానే ఇస్తుంది. స్వయంగా ప్రచురించుకునేవారు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఊరికే దొరికేదాన్ని ఊరికే ఇస్తున్నామని చెప్పుకోవడంలో గొప్పేమీ లేదు. సంస్థ ఇచ్చిన సంఖ్య తీసుకుంటే పుస్తకానికి ప్రచురణకర్తగా నమోదయ్యేది ఆ సంస్థ. కేడీపీ ఇచ్చే ఉచిత సంఖ్యనైతే ఆ వేదిక బయట వాడకూడదని వారి నిబంధనే చెబుతోంది. నేను ఆ సంస్థను వదిలి బయటికి వచ్చినప్పుడు పాత సంఖ్య వారి దగ్గరే ఉండిపోయింది. కొత్త సంఖ్యతో పుస్తకం మళ్ళీ వేసుకున్నాను గానీ, పాఠకులు రాసిన నాలుగు మంచి మాటలు మాత్రం ఆన్‌లైన్ దుకాణంలో ‘ప్రస్తుతం లభ్యం కాదు’ అన్న పాత పేజీ కిందే ఉన్నాయి.

ప్రచురణకర్తగా మన పేరే ఉంటే కొన్ని బాధ్యతలూ వస్తాయి. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం ప్రచురించిన ముప్పై రోజుల్లోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయంతో పాటు మరో రెండింటికీ ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. నాలుగు ప్రతులే కదా అని నేను పంపాను.

ఒప్పందం సంగతి కూడా చెప్పాలి. ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో టిక్కు పెట్టేముందు రెండు వాక్యాలు వెతకాలి: హక్కు ఆ సంస్థకు మాత్రమే ఇస్తున్నామా, ఇస్తే ఎన్నేళ్ళకు? హక్కులు రాసిచ్చిన పత్రంలో గడువు లేకపోతే అయిదేళ్ళుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకేనని భావించాలని 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. అయితే గడువు, ప్రాంతం పత్రంలోనే రాసి ఉంటే ఈ రక్షణ మనకు ఉండదు. సంస్థలు వాటిని రాయకుండా ఎందుకు వదులుతాయి?

ప్రింట్ ఆన్ డిమాండ్ వద్దని నేను అనడం లేదు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పాఠకుడికి ఇక్కడి నుంచి పంపితే పుస్తకం వెల కన్నా తపాలా ఖర్చే ఎక్కువవుతుంది; అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో ముద్రణ కేంద్రాలున్న ఇంగ్రామ్ వంటి సంస్థ ద్వారా అక్కడే అచ్చు వేయించగలిగితే అంతకు మించిన సౌకర్యం లేదు. పాత పుస్తకాలు, ఏడాదికి పది మంది మాత్రమే అడిగే పరిశోధన గ్రంథాలు, ఊరి చరిత్రలు, వంశవృక్షాలు వంటి వాటికీ ఇదే తగిన పద్ధతి. దేశంలోపల పంపుకోవడానికి 2025 మే నెలలో తపాలా శాఖ ‘జ్ఞాన్ పోస్ట్’ ప్రారంభించింది; 300 గ్రాముల వరకు 20 రూపాయలు, దాని మీద పన్ను అదనం. మా 160 పుటల పుస్తకం ఆ బరువులోనే ఇమిడింది. దీనికి పుస్తకం మీద ముద్రాపకుని పేరో ప్రచురణకర్త పేరో అచ్చయి ఉండాలి కాబట్టి లోపలి పుటలో ఆ వివరాలు మరచిపోకూడదు. చివరికి నేను చేసింది ఇది: ఐఎస్‌బీఎన్ సంఖ్య నా పేరిట తీసుకున్నాను, సభలకు కావలసిన నూట యాభై ప్రతులు విజయవాడలో వేయించుకున్నాను, దూరపు పాఠకుల కోసం అదే పీడీఎఫ్‌ను ప్రత్యేక హక్కు అడగని ఒక ప్రింట్ ఆన్ డిమాండ్ సేవలో ఉంచాను.

ఒక్క విన్నపం. మీ పత్రిక పుస్తక పరిచయ శీర్షికలో ‘ప్రతులకు’ అన్న చోట రచయిత చిరునామా, ఫోను నంబరు మాత్రమే వేస్తున్నారు. అడిగినప్పుడు అచ్చయ్యే పుస్తకమైతే ఆ మాట, ఏ వెబ్‌సైట్‌లో దొరుకుతుందో ఆ పేరు, ప్రతి చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో కూడా వేయగలరు. నా పుస్తక పరిచయం మీ పత్రికలో వచ్చిన వారంలో ఆర్డరు పెట్టిన ఒక పాఠకుడు, పది రోజులైనా పుస్తకం రాలేదని నన్ను మోసగాడిగా జమకట్టి ఫోనులో నిలదీశారు. ఆయనకు కోపం రావడం న్యాయమే. అది ఇంకా అచ్చు కాలేదని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
తెనాలి.