బాబును బాతుల వేటకు పంపే సంగతి

చిట్టితల్లికి,

నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేదు. మీ నాన్న పక్కనే ఉన్నారు. ఆయన ముందు వేట మాట ఎత్తితే గంటకు గానీ తెమలదు. అందుకే రాస్తున్నాను. అమెరికాలో మీ పక్కింటి పెద్దాయన తన కొడుకుతో, మనవళ్ళతో పాటు మన బాబును కూడా బాతుల వేటకు తీసుకువెళ్తానంటే పంపు. ఈ ఏడాదికి మాత్రం తుపాకీ చేతికివ్వవద్దని చెప్పు. కూర్చుని చూడనీ.

నా నోట ఈ మాట వస్తుందని నువ్వు అనుకుని ఉండవు. కానీ నేను పుట్టి పెరిగింది కొల్లేటి ఒడ్డున. మీ తాతయ్యకు లైసెన్సు తుపాకీ ఉండేది. చలికాలం రాగానే ఏలూరు నుంచి, గుడివాడ నుంచి ఆయన స్నేహితులు దిగేవారు. తెల్లవారకముందే తాటి దోనెల్లో కిక్కిస పొదల మధ్యకు వెళ్ళిపోయేవారు. మీ మావయ్యను నిక్కర్ల వయసు నుంచే వెంటబెట్టుకు వెళ్ళారు. నన్ను ఒక్కసారీ రానివ్వలేదు. ఆడపిల్లలకు మిగిలింది ఈకలే. వేడినీళ్ళలో ముంచితే పెద్ద ఈకలు సులువుగా ఊడివస్తాయి, లోపలి నూగు వదిలించేసరికే తల ప్రాణం తోకకు వచ్చేది. చివరికి గడ్డిమంట మీద కాల్చేవాళ్ళం. పరజల (అడవి బాతుల) గురించి నాకు తెలిసిందంతా అమ్మమ్మ పక్కన ఆ పెరటి అరుగు మీద నేర్చుకున్నదే. ఏది మేత మరిగి కొవ్వు పట్టిందో, ఏది అప్పుడే ఉత్తరాది నుంచి వచ్చి బక్కచిక్కి ఉందో చేత్తో పట్టుకుంటే చెప్పగలిగేదాన్ని. సూదితోక మగబాతు మెడ మీది తెల్లచారను చూస్తూ పని మరిచిపోయి తిట్లు తిన్నాను కూడా. కూరలో పంటికింద సీసపు గుండు తగిలితే పళ్ళెం అంచున పెట్టి, ఎవరికి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టుకుని నవ్వుకునేవాళ్ళం.

ఆ సీసం గురించి నేను అక్కడికి వచ్చినప్పుడే అల్లుడుగారు చెప్పారు. నీటి అడుగున పడిన సీసపు గుండ్లను బాతులు రాళ్ళనుకుని మింగి, విషమెక్కి చస్తాయట. అందుకని 1991 నుంచి అమెరికా అంతటా బాతుల వేటలో సీసం వాడకూడదన్నారు. తిండి అరగడానికి బాతు గులకరాళ్ళు మింగుతుందని నాకు తెలుసు, కందనకాయ కోసినప్పుడల్లా చూసేదాన్ని. మేము నవ్వుకున్న ఆ గుండ్లు చెరువులోనూ పడి ఉంటాయని మాత్రం మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మీరుండే ఆర్కాన్సా రాష్ట్రంలో నాకు బాగా నచ్చింది ఆ లెక్క. రోజుకు మనిషికి ఆరు బాతులు. వాటిలో మల్లార్డులనే రకం బాతులు నాలుగుకు మించకూడదు, ఆ నాలుగింటిలో ఆడవి రెండుకు మించకూడదు. పొద్దుపొడవడానికి అరగంట ముందు నుంచి పొద్దుగుంకే దాకానే కాల్చాలి. తుపాకీలో ఒకేసారి మూడు తూటాలకంటే పట్టకుండా బిరడా బిగించాలి. పదహారేళ్ళు నిండిన ప్రతి వేటగాడూ పాతిక డాలర్లు పెట్టి బాతు బొమ్మ ఉన్న స్టాంపు కొనాలి. 1934లో మొదలైన ఆ స్టాంపు మీద వచ్చే ప్రతి డాలరులో 98 సెంట్లు చిత్తడినేలలు కొనడానికీ కాపాడడానికీ వెళ్తాయి. పక్కింటి పెద్దాయన తన చిన్నప్పటి స్టాంపులు కూడా దాచి, బాబుకు చూపించారని నువ్వే అన్నావు. ఆయన దగ్గర మనవాడు నేర్చుకోవలసింది గురి కాదు, ఆ లెక్క.

మన దగ్గర ఏమైందో చూడు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక కూడా లైసెన్సుతో కొన్ని పిట్టలను కొట్టుకునే వీలుండేది. 1991 సవరణతో అదీ పోయింది. తాతయ్య మారు మాట్లాడకుండా తుపాకీ అప్పగించేశారు. మంచిదే. కానీ వేట ఆగినంత మాత్రాన పిట్టలకు చోటు మిగిలిందా? చేపల చెరువుల గట్లు కొల్లేటిని ముక్కలు ముక్కలుగా పంచుకున్నాయి. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో ప్రపంచ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో గట్లు కొట్టించారు. అయినా చెరువుల పోరు తెగలేదు. తుపాకీ పట్టినవాళ్ళను తిట్టడం తేలిక. పొక్లెయిన్ పట్టినవాళ్ళను తిట్టాలంటే సగం మంది మన చుట్టాలే. అన్నట్టు, నువ్వు వచ్చినప్పుడు ఎవరైనా ప్రేమగా పరజల కూర పెడితే ముట్టకు. అది నేరం.

అక్కడివాళ్ళు చేసేవన్నీ నాకు నచ్చాయని కాదు. చచ్చిన బాతులను బండి వెనక వరసగా పేర్చి, పళ్ళికిలిస్తూ ఫొటోలు దిగడం చూస్తే ఒళ్ళు మండుతుంది. మన బాబు అందులో నిలబడకూడదు, ఇది నా షరతు. బాతులా కూసే పిలుపు పీక ఊదడం మాత్రం హాయిగా నేర్చుకోనీ. మీ ఆర్కాన్సాలోని స్టట్‌గార్ట్ ఊళ్ళో దానికి 1936 నుంచి పోటీలు పెడుతున్నారట కదా.

చలికి మందపాటి మేజోళ్ళు రెండు జతలు వెయ్యి. వాళ్ళు ఒక బాతు ఇచ్చి పంపితే కాదనవద్దు. పొలంలో రాలిన వరిగింజలు తిన్న బాతు కాబట్టి రుచిగా ఉంటుంది. పసుపు, ఉప్పు పట్టించి గంటసేపు ఉంచి కడుగు. అల్లం, వెల్లుల్లి, మిరియాలు దంచి వెయ్యి, కారం తగ్గించు. ఫారం కోడిలా తొందరగా ఉడకదు, సన్నని సెగ మీద ఓపికగా ఉంచు. ఈకలు మాత్రం నువ్వొక్కదానివే పీకకు. బాబునూ అల్లుడుగారినీ చెరో పక్కన కూర్చోబెట్టు.

మీ అమ్మ