మన తెల్ల బండి బతికింది రా సుబ్బూ

విజయవాడ,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ సుబ్బూ,

తిట్టుకో, పడతాను. నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది. జవాబు రాద్దామని రెండుసార్లు కూర్చున్నా, రెండుసార్లూ "ఇక్కడ అందరం క్షేమం" దాటి కలం కదల్లేదు. ఆ క్షేమాలేవో ముందే గబగబా కానిచ్చేస్తా. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. పెద్దది ఇంటర్లో చేరింది. పై వాటా ఇంకా ఖాళీయే. ఆవకాయ జాడీ కట్టి పెట్టాం, పంపుతా. అంతే. ఇక అసలు సంగతికొస్తా.

బండి. అవును, అదే. 1997 మారుతీ ఎనిమిదొందలు. పొన్నూరు దగ్గర నీ తెల్లప్యాంటు ప్రాణం తీసిన మహాతల్లి.

రెండు నెలల నుంచి దానికి వణుకు పట్టుకుంది. రోడ్డు మీద పోతుంటే పర్వాలేదు. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగానా, స్టీరింగు, అద్దం, డాష్‌బోర్డు మీద వినాయకుడు, నా బుగ్గలు, అన్నీ ఒకేసారి ఊగుతాయి. వెనక సైలెన్సరేమో "తుక్... తుక్... తుతుక్" అంటుంది. వాన పడిన మర్నాడైతే మరీ ఘోరం.

మొదటి మెకానిక్ ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు పోయాయని మార్చాడు. 2,400 అయింది. రబ్బర్లు పగిలిన మాట నిజమే, నేనూ చూశా, మోసం అనను. కానీ వణుకు వణుకే. రెండో ఆయన బానెట్ సగం ఎత్తి, "ఇంజిన్ దించాలి సార్, పిస్టన్లు, రింగులు, బోరింగు, 28,000. అయినా ఈ మోడల్ తయారీ 2014లోనే ఆపేశారు కదా, పాతసామాన్లకి ఇచ్చెయ్యండి" అన్నాడు. నీ దగ్గర దాపరికం ఎందుకు, ఇచ్చేద్దామనే అనుకున్నా. రేటు కూడా కనుక్కున్నా. ఆసుపత్రి నుంచి పెద్దదాన్ని ఇంటికి తెచ్చింది అందులోనే అని ఆ రాత్రంతా... సరేలే, అది వదిలెయ్.

నాన్నకి చెప్పలేదు. మీ బాబాయికి ఇప్పుడు చెవులు బొత్తిగా పోయాయి రా. ముప్పై ఏళ్లు లారీ తోలాడు, పాత లారీల్లో ఇంజిన్ డ్రైవరు పక్కనే కదా గర్జించేది. చెవి మిషన్ కొనిస్తే జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇంజిన్ చప్పుడు గురించి ఈయన్నేం అడుగుతాంలే అనుకున్నా. అదీ నా తెలివి.

నిన్న మంగళగిరి తీసుకెళ్లమన్నాడు. వారధి ఇంకా ఎక్కలేదు, సిగ్నల్ పడింది, బండి యథావిధిగా ఊగడం మొదలెట్టింది. నాన్న చెయ్యి చాపి గేరు రాడ్డు మీద పెట్టాడు. పట్టుకోలేదు, నాడి చూసినట్టు నాలుగు వేళ్లు ఆనించాడంతే. కళ్లు మూసుకున్నాడు. పచ్చ లైటు వచ్చింది, వెనక హారన్లు మోత, ఆయనకేం వినబడతాయి? "ఉండరా" అన్నాడు. కాసేపటికి కళ్లు తెరిచి, "ఒక సిలిండర్ కొట్టట్లేదు. మూడోది" అన్నాడు.

పిస్టన్లు పోయాయట నాన్నా అని చెవి దగ్గర అరిచా.

"నీలంగా పొగొస్తోందా?"

లేదన్నా.

"మధ్యలో ఆయిల్ పోయాల్సొస్తోందా?"

అదీ లేదన్నా.

"మరి రింగులెట్టా పోతాయిరా, నీ బొంద! వెనక పెట్రోలు వాసనొస్తోందా?"

వస్తోంది. ముందు రోజే మా ఆవిడ ముక్కు మూసుకుంది.

"అదీ. ఒకదాంట్లో మండకుండానే పోతోంది. నరసింహస్వామి ఎక్కడికీ పోడుగానీ, బండి తిప్పు."

ఇంటికొచ్చాం. చీకటి పడుతుండగా ఇంజిన్ ఆన్‌లో పెట్టించి, కటింగ్ ప్లేయరుకి గుడ్డ చుట్టించి, గేరుబాక్సు వైపు నుంచి ప్లగ్ క్యాపులు (సిలిండర్లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ మీద ఉండే వైరు టోపీలు) ఒక్కొక్కటే పీకమన్నాడు. మొదటిది పీకగానే ఇంజిన్ తూలిపోయింది, ఆగిపోతుందేమో అనుకున్నా. మళ్లీ పెట్టేశా. మధ్యది పీకినా అంతే. బెల్టు పక్కది పీకా. ఏమీ లేదు! వెంట్రుకవాసి తేడా లేదు. అంటే అది ఎప్పుడో పని మానేసి ఊరికే తిరుగుతోందన్నమాట (మన హాస్టల్ మెస్ సెక్రటరీ గుర్తొచ్చాడా?). వేగం మీద ముగ్గురిలో ఒకడు ఎగ్గొట్టినా ఫ్లైవీలు ఊపులో తెలియదు, స్లోలోనే బయటపడుతుంది.

నేను ఊరుకోవచ్చుగా! "బెల్టు వైపు నుంచే లెక్క నాన్నా, ఇది ఒకటోది, మూడోది కాదు" అన్నా. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నేను గేరు రాడ్డు నుంచి చూశా. అటు నుంచి ఏదిరా?" అన్నాడు. మూడే సిలిండర్లు కదా. నోరు మూసుకున్నా.

ప్లగ్ విప్పితే నల్లగా, పెట్రోలుతో తడిసి ఉంది. కొత్తది వేశాం. అయినా కొట్టలేదు. అప్పుడు "లైటు ఆర్పెయ్" అన్నాడు. వాకిట్లో లైటు ఆర్పేసి బానెట్ కింద తల పెట్టా. ఒరేయ్, ఏం చెప్పమంటావ్! ప్లగ్ వైరు మధ్యలో చిన్న నీలం చుక్క, ఆవగింజంత, చిట్ చిట్ మంటూ ఇంజిన్ మీదకి గెంతుతోంది. వేడికి వైరు పైతొడుగు బీటలిచ్చింది. దగ్గర్లో ఇనుము కనబడుతుంటే నిప్పురవ్వ ప్లగ్ దాకా ఎందుకు నడుస్తుంది? వాన తేమ తగిలితే దానికి ఇంకా సులువు. 28,000 చెప్పాడు రా!

పొద్దున ఆటోనగర్ వెళ్లా. ఆదివారం, సగం షట్టర్లు దించే ఉన్నాయి. నాలుగో షాపులో దొరికింది వైర్ల సెట్టు, 450 రూపాయలు. వేసి స్టార్ట్ చేస్తే వినాయకుడు కదల్లేదు. కొంచెం కదిలాడులే, మూడు సిలిండర్ల బండికి ఆ మాత్రం వణుకు పుట్టుకతోనే ఉంటుంది.

పైన టిక్ టిక్ మాత్రం ఉంది. పొడుగు స్క్రూడ్రైవరు వాల్వు కవరు మీద పెట్టి, పిడి నా చెవి వెనక ఎముకకి ఆనించమన్నాడు. సుత్తితో కొట్టినంత స్పష్టంగా వినబడింది. నేను వేలితో తాళం వేసి చూపిస్తే, "టాపెట్లు (వాల్వుల్ని నొక్కి తెరిచే ముక్కలు). వినబడితే భయం లేదు. బిగుసుకుపోయి చప్పుడు మానేస్తేనే వాల్వు మాడేది" అన్నాడు. వచ్చే వారం సెట్ చేయిస్తా.

ఇదుగో, కింద హారన్ మొదలైంది. మంగళగిరి పైగుడి మధ్యాహ్నానికే మూస్తారు, కింద గుడికైనా పోదామని ఒకటే గొడవ. మోగుతోందో లేదో ఆయనకి తెలియదు కదా, నొక్కిన చెయ్యి తియ్యడం లేదు. పక్కింటాయన బయటికొచ్చేశాడు. ఉంటా రా, మిగతాది

నీ
శీను