మంత్రిగారూ, పిల్లలకు ఆలోచించే టైము ఇప్పించండి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నెల్లూరు జిల్లాలో పెన్నా ఆయకట్టు కింద ఉన్న ఒక ఊరి హైస్కూల్లో నేను లెక్కలు చెబుతాను. మా తరగతి గదుల్లో పిల్లలు కూర్చుని ఆలోచించడానికి చోటు లేకుండా పోతోంది. ఆ బాధతోనే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా దగ్గర వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు. పుట్టి అంటే 850 కిలోలు. మద్దతు ధర మాత్రం క్వింటాలుకు ప్రకటిస్తారు. 2025-26కి సాధారణ రకం క్వింటాలు 2,369 రూపాయలు. అంటే పుట్టికి 20,136 రూపాయల యాభై పైసలు రావాలి. కళ్లం దగ్గరికి వచ్చిన వ్యాపారి "పుట్టి 18 వేలకు ఇస్తారా" అని అడిగాడనుకోండి. క్వింటాలుకు ఎంత పడినట్టు? తేమ, తాలు అని చెప్పి పుట్టికి 900 కిలోలు తూచుకుంటానన్నాడనుకోండి. అప్పుడు ఎంత? మొదటి లెక్కలో 2,117 రూపాయల చిల్లర వస్తుంది. రెండో లెక్కలో సరిగ్గా 2,000. మద్దతు ధర ప్రకారం ఆ 900 కిలోలకు 21,321 రూపాయలు రావాలి. అంటే పుట్టికి 3,321 రూపాయలు రైతు చేయి జారిపోయినట్టు.

ఎనిమిదో తరగతి పిల్లలు అనుపాతాలు చదువుకుంటారు. పుస్తకంలో ఉన్న లెక్కలు చకచకా చేసేస్తారు. ఇదే లెక్క బోర్డు మీద రాస్తే మొదట వచ్చే మాట "ఏ సూత్రం వాడాలి సార్?" అని. మనకు తెలిసిందేమిటి, అడిగిందేమిటి, రెండు కొలతలు ఎందుకున్నాయి అని వాళ్లంతట వాళ్లు అడుగు వేయరు. తెలివి లేక కాదు, అలా వేయమని ఎవరూ అడగక. కాస్త ఆగి, ముగ్గురు నలుగురిని కలిపి కూర్చోబెట్టి వదిలేస్తే అదే తరగతి మారిపోతుంది. ఇంట్లో వడ్లు అమ్మడం చూసిన పిల్లలు ముందుకొస్తారు. తేమ సర్కారు కొనుగోలులో ఒప్పుకునే 17 శాతం లోపే ఉంటే ఎక్కువ ఎందుకు తూచాలని ఒకరు అడుగుతారు. తేమ ఎంతుందో ఎవరు కొలవాలని ఇంకొకరు అడుగుతారు. ఈ రెండో ప్రశ్న ఏ గైడులోనూ లేదు. నా దృష్టిలో ఆ రోజు పాఠంలో అన్నిటికన్నా విలువైనది అదే.

కానీ దానికి పీరియడ్ మొత్తం పడుతుంది. సిలబస్ ఎంతవరకు అయిందని మమ్మల్ని అడుగుతారు. పిల్లలు ఈ వారం ఏం ప్రశ్నలు అడిగారని ఎవరూ అడగరు.

ఇది మన ఒక్క రాష్ట్రం జబ్బు కాదు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 1979 ప్రాంతంలో చిన్న తరగతుల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక జవాబు తేల్చారు. ఈ లెక్కకు జవాబు లేదని చెప్పే ధైర్యం వాళ్లకు రాలేదు. మాస్టారు ఇచ్చిన లెక్కకు జవాబు ఉండే తీరుతుందని బడి నేర్పింది మరి.

అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలో సైన్సు తరగతులను గమనించారు. ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం సగటున ఒక్క సెకను ఆగుతున్నారట. మూడు సెకన్లు ఆగిన చోట జవాబులు పొడవయ్యాయి, ఎక్కువ మంది నోరు విప్పారు, పిల్లలే తిరిగి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. మూడు సెకన్లకు బడ్జెట్టు అక్కర్లేదు. టీచరుకు టెన్షన్ లేకపోతే చాలు.

ఆలోచింపజేసే పాఠం ఏం చేయగలదో మన జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1990ల మొదట్లో కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు వాచకంలో సారా గురించి ఉన్న పాఠం చదివారు. అది తమ ఊరి కథే అనుకున్నారు. కూర్చుని మాట్లాడుకున్నారు, ఏం చేయాలో వాళ్లే తేల్చుకున్నారు, సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వాళ్లకు ఆ పాఠం మీద పరీక్ష పెట్టి మార్కులు వేసినవాళ్లు లేరు. పాఠాన్ని తమ బతుకుకు అన్వయించుకునే తీరిక మాత్రం దొరికింది.

మన పిల్లలకూ అలాంటి పాఠాలు చుట్టూ ఉన్నాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని, ఫ్లోరైడ్ బాధ ఉన్న కనిగిరి వైపు పిల్లలు బట్టీ పడతారు. మన ఊళ్లో ఏ బోరు నీళ్లు తాగొచ్చు, ఎలా తెలుసుకోవాలి అని వాళ్లను అడిగి, బోర్ల పటం గీయమంటే అది సైన్సు, సోషల్, లెక్కలు మూడూ అవుతుంది. ఇంకో మాట. పుస్తకాలు రెండు భాషల్లో ఉన్నాయి, సంతోషం. కానీ వాదించుకునేటప్పుడు పిల్లలను తెలుగులోనే వాదించుకోనివ్వండి. ఇంగ్లిష్ మాట కోసం వెతుక్కుంటూ ఉంటే ఆలోచన తెగిపోతుంది.

2020 జాతీయ విద్యావిధానం కూడా బట్టీకన్నా అవగాహనను పరీక్షించమనే చెప్పింది. అందుకే కొత్త పథకం, కొత్త యాప్, మూడు రోజుల శిక్షణ వద్దని మనవి చేస్తున్నాను. నాకు కావలసింది ప్రశ్నపత్రంలో మార్పు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ప్రతి సబ్జెక్టులో కొన్ని మార్కులకు ఏ పుస్తకంలోనూ లేని ప్రశ్న ఒకటి ఇవ్వండి. జవాబు తప్పినా ఆలోచించిన దారి సరైనదైతే మార్కులు వేయమని మూల్యాంకనం చేసేవాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. దానికి నమూనా జవాబులు మాత్రం ముందే పంచవద్దు, వారం తిరిగేసరికి అవి కూడా బట్టీలోకి వెళ్లిపోతాయి. పరీక్షలో ఉన్నదే బడిలో జరుగుతుంది. ఇన్నేళ్లుగా చూస్తున్నది అదే.

రెండోది, పబ్లిక్ పరీక్షల ముందు నడిపే పదో తరగతి వంద రోజుల ప్రణాళికలో వారానికి ఒక్క పీరియడ్ స్లిప్ టెస్టులు (చిన్న చిన్న పరీక్షలు) లేకుండా వదిలేయండి. వెనకబడిన పిల్లలను అప్పుడు కూడా ముఖ్యమైన ప్రశ్నలకు కట్టేయవద్దు. పుట్టి లెక్కలో వాళ్లే ముందుంటారని నేను కళ్లారా చూశాను. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక గంట మా చేతికిస్తే, ఒక్కో మాస్టారు తన ఊరి లెక్క ఒకటి తెచ్చి మిగతావాళ్ల ముందు పెడతాడు. చీమకుర్తి గ్రానైటు నుంచి, టంగుటూరు పొగాకు వేలం నుంచి, రొయ్యల చెరువుల నుంచి లెక్కలకు కరువు లేదు.

బడులు తెరిచే జూన్ లోపే పరీక్షల మార్పు గురించి ఉత్తర్వు వస్తే మాకు ఏడాదంతా చేతిలో ఉంటుంది. డిసెంబరులో వస్తే అప్పటికే గైడులు అచ్చయిపోయి ఉంటాయి. దయచేసి జూన్ దాటనివ్వవద్దు.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు,
నెల్లూరు జిల్లా